కత్తి అనే మాట ఇంటిదా, యుద్ధానిదా?

కావలి నుంచి ఒక సభ్యురాలి ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి ప్రకృతి వికృతుల పట్టికలో ‘కర్తరి – కత్తెర’ అని రాసుకొని, దాని కిందనే ‘కర్తరి – కత్తి’ అని సొంతంగా ఇంకొక వరస చేర్చుకున్నది. అది తప్పని చెప్పబోయి, ఎందుకు తప్పో చెప్పలేక ఆగిపోయాను. మా మామగారు కత్తి అచ్చమైన తెలుగు మాటేనంటారు. మావారు మాత్రం చాకు, తల్వారు వచ్చిన దారినే నవాబుల కాలంలో ఇదీ వచ్చి ఉంటుందని వాదిస్తున్నారు. మాస్టారు గారు దయచేసి ఈ మాట పుట్టుకను, దాని అర్థాలను కాస్త వివరంగా చెప్పగలరా? అసలు కత్తి అంటే ముందుగా ఆయుధమేనా?

నెల్లూరు నుంచి జవాబు

అమ్మా, మీ ఇంట్లో జరుగుతున్న వాదంలో నా ఓటు మీ మామగారికే. కత్తి తెలుగుకు ఒక్కదానికే చెందిన మాట కాదు. తమిళంలో కత్తి, మలయాళంలో కత్తి, కన్నడంలో కత్తి, తుళులో కత్తి, కొడగు భాషలోనూ కత్తే. ఇన్ని భాషలలో దాదాపు అక్షరం మారకుండా నిలిచిన మాటను, అందునా ప్రతి ఇంటి వంటగదిలోనూ రోజూ నలిగే మాటను, ఏ నవాబు దండో మోసుకువచ్చి మనకు ఇచ్చిందనడం కష్టం. బరో, ఎమెనో అనే పండితులిద్దరు కలిసి 1961లో వెలువరించిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువులో కత్తికి చోటున్నది. మీవారు చెప్పిన చాకు మాత్రం నిజంగానే పారసీక, తురుష్క భాషల వైపు నుంచి వచ్చింది. తల్వారు హిందుస్తానీ ద్వారా మన దాకా వచ్చినా దాని వేరు సంస్కృతంలోని ‘తరవారి’లో ఉన్నదంటారు కనుక, దాన్ని నవాబుల ఖాతాలో వేసే ముందు కొంచెం ఆగాలి. చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పిన తత్సమము, తద్భవము, దేశ్యము, గ్రామ్యము అనే విభజన ప్రకారం చూస్తే కత్తి దేశ్యం కిందికి, అంటే సంస్కృత ప్రాకృతాల నుంచి రాని మాటల కిందికి వస్తుంది.

ఇక మీ చివరి ప్రశ్న, కత్తి అంటే ముందుగా ఆయుధమేనా అన్నది, నా దృష్టిలో పుట్టుక కంటే ముఖ్యమైనది. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువు ఈ మాటకు కూరలు తరిగేదీ, గడ్డం గీసేదీ, యుద్ధంలో దూసేదీ అనే మూడు అర్థాలనూ కలిపే చెప్పింది. ఆ మూడింటికీ ఉమ్మడిగా ఉన్నది పదునైన అంచు ఒక్కటే. ఆ అంచు దేనిని కోస్తుందన్న సంగతి కత్తి అనే మాటలో లేదు. అందువల్లనే ఏ కత్తో తెలియవలసినప్పుడు మనం ముందొక మాట తగిలిస్తాము. మంగలికత్తి, చురకత్తి, మచ్చుకత్తి, వేటకత్తి, కోడికత్తి, ఇవన్నీ అలా ఏర్పడినవే. వీటిలో వేటకత్తిని చూసి అది అడవిలో వేటకు తీసుకుపోయే కత్తి అనుకునేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. మన వైపు జాతరలో అమ్మవారికి బలి ఇచ్చే పొట్టేలును, మేకపోతును ‘వేట’ అంటారు. ఆ వేటను ఒక్క దెబ్బతో తెగవేయడానికి వాడే బరువైన కత్తి వేటకత్తి. చురకత్తిలోని ‘చుర’ సంస్కృతంలోని క్షురం, ఛురిక అనే మాటల వైపు నుంచి వచ్చింది కాబట్టి, చురకత్తి అంటే ఒక విధంగా ‘కత్తికత్తి’ అన్నట్టే. గడ్డం, తల గీయించుకోవడాన్ని క్షౌరం అనడానికీ ఆ క్షురమే మూలం. అదే జనం నోట క్షవరమై, ఇంకా నలిగి సవరం అయింది.

పిల్లలకు చెప్పే కోతి కథ ఒకటి ఉన్నది గదా, తోకలో ముల్లు దిగిన కోతి క్షురకుడి దగ్గరికి పోతుంది. ముల్లు తీయబోతే తోక తెగుతుంది. దానికి బదులుగా అతని కత్తి పుచ్చుకొని ‘తోక పోయి కత్తి వచ్చె ఢాం ఢాం ఢాం’ అని గంతులు వేస్తుంది. ఈ కథ వింటున్న ఏ పిల్లవాడూ కోతి చేతిలో రాజుగారి ఖడ్గాన్ని ఊహించుకోడు, కథ చెప్పే అవ్వ కూడా అది మంగలికత్తి అని విడదీసి చెప్పదు. సామెతలలో మాత్రం రెండు రకాలూ కనిపిస్తాయి. ‘ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు’ అన్నప్పుడు ఒర ఉన్నది కనుక అది యుద్ధపు కత్తి. ‘బంగారు కత్తి అని మెడ కోసుకుంటామా’ అన్నప్పుడు అది ఏ కత్తి అయినా కావచ్చు, చెప్పినవాడికీ విన్నవాడికీ ఆ పట్టింపు లేదు.

ఆయుధం కాని కత్తిని బాగా చూడాలంటే కత్తిపీటను చూడాలి. తక్కిన కత్తులన్నీ చేతిలో పట్టుకొని ఆడించేవి. కత్తిపీటలో కత్తి పీటకు బిగించి ఉంటుంది, దాని మీదికి వంకాయో దోసకాయో వస్తుంది. పీటను ఒక కాలితో తొక్కిపట్టి, రెండు చేతులతో కాయను అంచు మీదికి నెట్టుకుంటూ తరుగుతారు. కొన్నింటికి కొనన కొబ్బరి కోరుకోవడానికి పళ్లు కూడా ఉంటాయి. నెల్లూరు చేపల మార్కెట్లో అయితే ఇదే పీట పెద్ద ఆకారంలో కనిపిస్తుంది. జారిపోయే కొర్రమీనును బూడిదలో దొర్లించి, తలా తోకా రెండు చేతులతో పట్టి, నిలబెట్టిన కత్తికి అడ్డంగా ఒక్క తోపు తోస్తే ముక్క కింద పడుతుంది. అక్కడ కదిలేది చేపే గాని కత్తి కాదు. దీన్నే తమిళులు అరివాళ్‌మనై అంటారు. మనం కత్తి అన్న చోట వారు అరివాళ్ అన్నారు. ఈ తేడా దగ్గరే అసలు కథ ఉన్నది.

తమిళంలో ఖడ్గానికి పాత మాట వాళ్. కన్నడంలో అది బాళ్ అయింది. తెలుగులో దానికి సరిపోయే మాట వాలు. ఖడ్గం అనే అర్థంలో వాలు మన నిఘంటువులలో ఉన్నది గాని, ఈనాడు ఆ అర్థంతో పలికేవారు లేరు. కాని ఆ మాట పూర్తిగా పోలేదని నా నమ్మకం. తమిళంలో అరివాళ్ అంటే కోసే వాలు, కొడువాళ్ అంటే వంగిన వాలు. తెలుగు కొడవలి ఈ కొడువాళ్‌కు తోబుట్టువని ఒప్పుకుంటే, ఒకప్పుడు వీరుల నడుమున వేలాడిన వాలు ఇప్పుడు వరికోతల కాలంలో మడిలో తిరుగుతున్నదన్నమాట. యుద్ధపు మాట పొలానికి దిగింది. దాని ఖాళీలోకి ఇంట్లో, పొలంలో పనిచేసుకునే కత్తి ఎక్కింది. కన్నడంలో కూడా కత్తి అంటే ఖడ్గమనే అర్థం బలంగానే ఉన్నది, తమిళ మలయాళాలలో మాత్రం వాళ్ తన స్థానాన్ని వదలలేదు కనుక కత్తి చిన్నదిగానే ఉండిపోయింది. కావ్యాలలోని వాలుగంటిని కూడా కొందరు ఈ వాలుతోనే ముడిపెట్టి, కత్తివంటి కన్నులు గలది అని అర్థం చెబుతారు. నేను దానికి ఒప్పుకోను. వాలుచూపు, వాలుజడ అన్నప్పటి పొడవు, ఏటవాలు అనే అర్థమే అక్కడ చక్కగా అతుకుతుంది. కంటికి కత్తి అనవసరం.

సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల వరుస వేరు. అమరకోశంలో ఖడ్గానికి నిస్త్రింశము, చంద్రహాసము, అసి, కరవాలము, కృపాణము మొదలైన పర్యాయపదాలు ఉన్నాయి. నిస్త్రింశమంటే ముప్పై అంగుళుల కొలతను మించినదని వ్యాఖ్యాతలు చెబుతారు, అంటే ఇక్కడ పేరు పొడవును బట్టి వచ్చింది. ఖడ్గమనే మాటకు అదే కోశంలో ఒంటికొమ్ము మృగమనే అర్థం కూడా ఉన్నది, మనం ఖడ్గమృగమనడం అందుకే. ఈ సంస్కృతపు మాటలు తెలుగులో గౌరవానికి, బిరుదుకు, కావ్యానికి పనికివచ్చాయి. మన ఊరి చరిత్రే ఇందుకు సాక్ష్యం. 13వ శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి సేనాని, పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) తగవు మీద కాటమరాజుతో ఎర్రగడ్డపాటిలో పోరాడినవాడు, ఖడ్గతిక్కన. కవి తిక్కన వంశంవాడే అయిన ఆయనను జనం రణతిక్కన అని కూడా పిలిచారు గాని ‘కత్తి తిక్కన’ అనలేదు. సాళువ రాజుల ‘కఠారి సాళువ’ బిరుదులోనూ కఠారి వచ్చింది, కత్తి రాలేదు. పనిముట్టు వాసన వదలని మాటను బిరుదులో పెట్టుకోవడానికి ఎవరూ ఇష్టపడలేదని నాకు అనిపిస్తుంది.

ఒంగోలు నుంచి అభ్యంతరం

మాస్టారికి నమస్కారం. మీరు దేశ్యమని తేల్చిన తీరు కొంచెం తొందరగా ఉన్నది. సంస్కృతంలో ‘ర్త’ ఉన్న మాటలు ప్రాకృతంలో ‘త్త’గా మారడం మనం రోజూ చూసే నియమమే. కీర్తి కిత్తి అయింది, వర్తి వత్తి అయింది. దీపంలో వేసే వత్తి ఆ విధంగా వచ్చిన తద్భవమేనని అందరూ ఒప్పుకుంటారు. కోయడానికి సంస్కృతంలో ‘కృత్’ ధాతువు ఉన్నది, దాని నుంచి కర్తరి వచ్చింది, కర్త్రిక అనే చిన్న కత్తి పేరూ వచ్చింది. ఆ కర్త్రిక ప్రాకృతంలో కత్తియ వంటి రూపం పొంది, తెలుగులో చివర అరిగి కత్తి అయిందని ఎందుకు అనకూడదు? అలా అయితే కావలి అమ్మాయి రాసుకున్నది పూర్తిగా తప్పు కాదు గదా.

నెల్లూరు నుంచి జవాబు

అయ్యా, మీ అభ్యంతరం బలమైనదే, తేలికగా తోసివేయదగినది కాదు. ధ్వనుల వరకు చూస్తే కర్త్రిక నుంచి కత్తికి దారి ఉన్నది. వత్తి ఉదాహరణ కూడా సరైనదే. అయితే ధ్వనులు కలిసినంత మాత్రాన చుట్టరికం కలిసినట్టు కాదు. మాట ఎక్కడ బతుకుతున్నదో కూడా చూడాలి. కర్త్రిక సంస్కృతంలో అంతటా వినిపించే మాట కాదు. తంత్ర గ్రంథాలలో దేవతల చేతిలో కనిపించే ఆయుధంగానే అది ఎక్కువగా తెలుసు. ఉత్తరాది వంటిళ్లలో నేడు వినిపించేవి ఛురీ, చాకూ అనే మాటలు. దక్షిణాన మాత్రం కత్తి వంటింట్లో, పొలంలో, అడవిలో, నడుమున, అన్ని చోట్లా ఉన్నది. కొడగు వారి సంగతే తీసుకోండి. వారు పండుగ దుస్తులలో నడుము ముందు దోపుకొనే వెండి పనితనపు బాకును పీచెకత్తి అంటారు, వీపు వైపు తగిలించుకొనే వెడల్పాటి యుద్ధపు కత్తిని ఒడికత్తి అంటారు. తత్సమాల తాకిడి తక్కువగా ఉన్న అటువంటి కొండ సీమలో కూడా ఇంత లోతుగా పాతుకొనిపోయిన మాట ఒక అరుదైన తాంత్రిక పదం అరిగి ఏర్పడిందనడం కంటే, మొదటి నుంచీ ఇక్కడిదేననడం నాకు సహజంగా తోస్తుంది.

కత్తెర సంగతి వేరు. కర్తరి కత్తరి అయి, తెలుగులో కత్తెర కావడంలో ఏ ఇబ్బందీ లేదు. అది రెండు అంచులు కలిసి కోసే పనిముట్టు, అర్థమూ సరిపోతుంది, నిఘంటువులూ తద్భవంగానే చెబుతాయి. కత్తిరించు అనే క్రియ కత్తి నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు గాని, దానిలోని ‘ర’కారమే అది కత్తెర సంతానమని పట్టిస్తున్నది. కత్తితో చేసే పనిని మనం కోయడం, తరగడం, నరకడం, చెక్కడం, గీయడం అంటాము, కత్తిరించడం అనము. జేబు కత్తిరించేవాడి చేతిలో బ్లేడు ఉన్నా మాట మాత్రం కత్తెర నుంచే వస్తుంది. నిధుల కత్తిరింపు, సినిమాలో సన్నివేశాల కత్తిరింపు కూడా అంతే. ఈ రెండు మాటలనూ ఒకే తల్లి బిడ్డలుగా జనం భావించడానికి వాటి పోలికకు తోడు వీధిలో వినపడే కేక కూడా ఒక కారణం. సైకిలును స్టాండు మీద నిలబెట్టి, పెడలు తొక్కితే తిరిగే సానరాయితో వచ్చే మనిషి ‘కత్తులు కత్తెర్లు సాన పడతాం’ అనే అరుస్తాడు, ఆ రెండింటినీ విడివిడిగా అరిచినవాడిని నేను చూడలేదు. అందువల్ల అమ్మాయి పట్టికలో మొదటి వరస ఉంచి, రెండోది కొట్టేయమనే నా సలహా. పరీక్ష దిద్దేవారితో వాదం పెట్టుకోవడానికి ఇంకా వయస్సు ఉన్నది.

కర్తరి గురించి రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. మే నెలలో మన పంచాంగాలలో డొల్లు కర్తరి ప్రారంభం, నిజ కర్తరి ప్రారంభం అని వేస్తారు. సూర్యుడు భరణి చివర నుంచి కృత్తిక మీదుగా రోహిణిలోకి నడిచే ఆ రోజులలో మన రెండు జిల్లాలూ ఎలా కాలుతాయో ఎవరికీ చెప్పనక్కరలేదు. తమిళులు దాన్నే కత్తిరి ఎండ అంటారు. ఇక బడిలో చెప్పే కర్తరి ప్రయోగం ఉన్నదే, దానికీ కోతకూ ఏ సంబంధమూ లేదు. అది కర్తృ శబ్దానికి సప్తమీ విభక్తి రూపం, కర్త యందు అని అర్థం. ఒక మాటకు మూడు వేషాలు ఉన్నాయని పిల్లలకు చెబితే బాగా గుర్తు పెట్టుకుంటారు.

ఒంగోలు దగ్గరి పల్లె నుంచి ఇంకొక సభ్యుడు

మాస్టారూ, నమస్కారం. మీరు కత్తిని పనిముట్టుగా, ఖడ్గాన్ని యుద్ధానికి చెందినదిగా విడదీసినప్పుడు నాకు తెలుగు బైబిలులోని యెషయా గ్రంథం రెండో అధ్యాయం గుర్తుకు వచ్చింది. అక్కడ ‘తమ ఖడ్గములను నాగటి నక్కులుగాను తమ యీటెలను మచ్చుకత్తులుగాను సాగగొట్టుదురు’ అని ఉన్నది. అనువాదకులు యుద్ధం పక్షాన ఖడ్గాన్ని, ఈటెను నిలబెట్టి, సేద్యం పక్షాన నాగటి నక్కును, మచ్చుకత్తిని నిలబెట్టారు. అయితే యోహాను సువార్తలో సీమోను పేతురు ప్రధానయాజకుని దాసుని చెవి నరికిన చోట ఆయన దగ్గర ఉన్నది కత్తి అనే రాశారు. అది పనిముట్టు కాదు గదా? మీ విభజన అక్కడ నిలుస్తుందా?

నెల్లూరు నుంచి జవాబు

అయ్యా, మీరు తెచ్చిన రెండు వాక్యాలూ అమూల్యమైనవి. మొదటిది నేను చెప్పినదానికి అచ్చంగా సరిపోతున్నది. మచ్చుకత్తి కొమ్మలు, కంపలు నరకడానికి వాడే కత్తి, కంచె వేసుకొనే రైతు చేతిలో ఉండవలసినది. రెండోది నా విభజనను చెడగొట్టదు, దాన్ని ఇంకొంచెం స్పష్టం చేస్తుంది. ఖడ్గమంటే యుద్ధం తప్ప ఇంకొకటి లేదు, ఖడ్గంతో ఎవరూ దోసకాయ తరగరు. కత్తి అలా కాదు. అది రెండు వైపులకూ పోగలదు. పేతురు చేపలు పట్టి బతికినవాడు, సైనికుడు కాడు. అతని దగ్గర ఖడ్గం ఉన్నదని రాసి ఉంటే తెలుగు చదువరి ఒక్క క్షణం ఆగి, ఈయనకు ఖడ్గం ఎక్కడిదని ఆలోచించేవాడు. కత్తి అనేసరికి ఆ ప్రశ్నే రాదు, ఎందుకంటే కత్తి ఎవరి దగ్గరైనా ఉంటుంది. మూలంలో ఏమున్నదన్నది వేరే చర్చ; తెలుగు వాక్యంగా అది సహజంగా ఉన్నదని మాత్రమే నేను అంటున్నాను.

ఈ రెండు వైపుల తత్వం భాషకే కాదు, చట్టానికీ చిక్కు తెచ్చిపెట్టింది. 1959 నాటి ఆయుధాల చట్టం ఇంటి పనికో సేద్యానికో మాత్రమే ఉద్దేశించిన వస్తువులను ఆయుధాల లెక్కలోంచి తీసివేసింది. దాని కింద చేసిన నియమాలలో 9 అంగుళాలకు మించిన పొడవో, 2 అంగుళాలకు మించిన వెడల్పో ఉన్న అలుగు గల కత్తులను ఆయుధాలుగా చెబుతూనే, ఇంటికీ సేద్యానికీ పరిశ్రమకూ శాస్త్రపు పనికీ చేసినవాటిని మినహాయించారు. కొలబద్ద ఒకటి పెట్టుకొని కూడా చివరకు అది దేనికోసం చేసిన కత్తి అన్న ప్రశ్న దగ్గరికే రావలసి వచ్చింది. పత్రికల వారు మారణాయుధం అని రాసి తప్పుకుంటారు. ఆ మాట కత్తి మీద గాక దాన్ని పట్టినవాడి ఉద్దేశం మీద నడుస్తుంది. పాత తెలుగులో ఆయుధానికి కైదువు అనే చక్కని మాట ఉండేది. కై అంటే చెయ్యి; కైదండలో, కైజీతంలో ఉన్న కై అదే. చేతిలో ఉండి పనికివచ్చేది కైదువు. ఇప్పుడు ఆ మాట పద్యాలలో తప్ప వినపడదు.

ఉదయగిరి వైపు నుంచి ఒక యువకుడు

మాస్టారు గారూ, మా వైపు ఇద్దరికి పడకపోతే ‘వాడు వీడి మీద కత్తి గట్టినాడు’ అంటారు. మా స్నేహితుడొకడు ఇది కోడిపందేల నుంచి వచ్చిందని, కోడికాలికి కత్తి కట్టడమే దీనికి మూలమని అంటున్నాడు. పల్నాటి యుద్ధం కూడా కోడిపందెంతోనే ముదిరిందని ఉదాహరణ చెబుతున్నాడు. ఇది నిజమేనా? అలాగే మేమంతా బాగున్నదానిని ‘కత్తిలా ఉంది’ అంటాము, దీనికీ ఏదైనా పాత ఆధారం ఉన్నదా?

నెల్లూరు నుంచి జవాబు

నాయనా, పల్నాటి కోడిపందెం గొప్పది గనుక దానికి మూలం అంటగట్టాలని ఎవరికైనా అనిపిస్తుంది. కాని వాక్యం నడకను గమనించు. కోడి తనకు తాను కత్తి కట్టుకోదు. పందెగాడు దాని కాలికి కత్తి కడతాడు. మీ వైపు మాటలో అలాంటి మూడోవాడు ఎవరూ లేడు. కత్తి కట్టినవాడే పగ పట్టినవాడు కూడా. తెలుగులో మనిషి తనకు తానే తొడుక్కొని సిద్ధపడే సందర్భాలలో ఇదే కట్టు వస్తుంది. ఆటకు దిగే మనిషి గజ్జె కడతాడు, నాటకంలో దిగేవాడు వేషం కడతాడు, పనికి పూనుకున్నవాడు నడుం కడతాడు. ఆ వరుసలోనే పోరుకు దిగేవాడు నడుముకు కత్తి కడతాడు. వేషం తీసినట్టు కత్తి విప్పి పక్కన పెట్టేదాకా పగ ఉన్నట్టే. కత్తులు నూరుకోవడమనే మాటా దీనికి తోడుగానే నిలుస్తుంది. నూరేది కూడా తన కత్తినే. కనుక నీ స్నేహితుడి వాదం వినడానికి సరదాగా ఉన్నా, నా మొగ్గు నడుము వైపే.

కత్తిసాముకూ, కత్తి మీద సాముకూ కూడా తేడా చూడు. మొదటిది కత్తిని తిప్పే విద్య. రెండోది అంచు మీద నిలబడి చేసే పని, పడితే తెగుతుంది. సంస్కృతంలో అసిధారావ్రతమనేది దానికి దగ్గరి మాట. పత్రికలలో ‘మంత్రిగారికి ఈ శాఖ కత్తిసామే’ అని రాస్తుంటారు. మంత్రిగారు కత్తి తిప్పుతున్నారని దాని అర్థం అవుతుంది, వారు చెప్పదలచుకున్నది అది కాదు.

‘కత్తిలా ఉంది’ అనే వాడుక కొత్తదే, దానికి పాత ఆధారం వెతకవలసిన పని లేదు. కాని దాని పద్ధతి పాతదే. వాడి, పదును అనే మాటలను మనం తెలివికీ, మాటకూ, చూపుకూ ఎప్పటి నుంచో వాడుతున్నాము. మీ తరం ఆ పదునును వదిలి ఏకంగా కత్తినే తీసుకున్నది. ఫోనునూ, బండినీ, పాటనూ కూడా కత్తి అంటున్నారంటే అక్కడ కోత అనే అర్థం పూర్తిగా పోయి మెచ్చుకోలు ఒక్కటే మిగిలింది. నాకు అభ్యంతరం లేదు, పరీక్షలో రాయకపోతే చాలు.

నీవు ఉదయగిరి వైపు వాడివి కాబట్టి ఒక సాయం కోరుతున్నాను. దుర్గం కొండ కింది పల్లెలలో కట్టెలకూ మేతకూ అడవికి పోయే పెద్దలు నడుము వెనక దోపుకొనే కత్తిని ఏమంటారో, దాని పిడి దేనితో చేస్తారో, మచ్చుకత్తికీ దానికీ వంపులో ఏమైనా తేడా ఉన్నదో అడిగి ఇక్కడ రాయి. మెట్ట ప్రాంతంలో మచ్చుకత్తి అని విన్నాను, ఏటిగట్టు పల్లెలలో అదే వస్తువును ఉత్త కత్తి అనే అంటారు. మిగతా సభ్యులు కూడా తమ తమ ఊళ్లలో కొలిమి దగ్గర చేయించుకొనే కత్తుల పేర్లు చెబితే, నిఘంటువులకు ఎక్కనివి కొన్ని తప్పక బయటపడతాయి.